సీటీకి దిగని పావురం

మా పోశమ్మ తల్లి మీద ఒట్టు. అన్నం తినే ఈ కుడిచెయ్యి మీద ఒట్టు. నా భార్య మీద గూడ ఒట్టు పెడుదామనుకున్న గని, "నా మీద ఎందుకు, నీ మీదనే పెట్టుకో" అన్నది కాబట్టి నా మీద గూడ ఒట్టు. ఇప్పుడు నేను రాయబోయేదాంట్ల ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే, మా జహనుమా బస్తీల నా పేరు జర ఖరాబైంది. మా గల్లీ మూలకున్న చాయ్ హోటల్ల నేను "ఒకసారి ఏమైందంటే" అన్ననంటే చాలు, ఎదురుంగ కూసున్నోడు "అన్నా, ఇది అయ్యిందా, ఇప్పుడు అయితదా?" అని అడుగుతడు. పిల్లితోని మొదలుపెట్టి పులి దాంక పోతనని వాళ్ళ ఫిర్యాదు. పోతే పోయిన. పులి రాని పిల్లి కథ ఎవనికి గావాలె? కని ఇది గట్లాంటిది కాదు. ఇది నా పావురం కథ, నా ఫోన్ కథ.

నాది కంచన్‌బాగ్ దిక్కు లోహాలు కరిగించే ఒక కార్ఖానల నౌకరి. కొలిమి దగ్గర నిలబడి, లోపల కాగుతున్న కడ్డీ రంగు చూసి "ఇప్పుడు తియ్యుండ్రి" అని చెప్పుడు నా పని. ఆ కార్ఖాన లోపలికి ఫోన్ పోదు. గేటు దగ్గర గోడకు కట్టె గూళ్ళు కొట్టి పెట్టిన్రు. ఫోన్ బందు చేసి గూట్లె పెట్టాలె, సెక్యూరిటీ అన్న ఇచ్చే రేకు బిళ్ళ జేబుల ఏసుకోవాలె, అప్పుడు లోపలికి. పొద్దుగాల పెట్టినప్పుడు అది ఫోనే. పొద్దుమీకి తీసుకొని చాలు చేసేసరికి పెండ్లిల్లు అయ్యేది. ఒకటే మోత, ఒకటే లొల్లి.

ఎందుకు గాదు? కార్ఖానోళ్ళ గ్రూపు, మల్ల కార్ఖానల పెద్దసార్లు లేని గ్రూపు. బడి దోస్తుల గ్రూపు. గల్లీ గ్రూపు, గల్లీల నల్లా నీళ్ళ గ్రూపు. పావురాలోళ్ళ గ్రూపు. మా అత్తగారింటోళ్ళ గ్రూపు. మా బావమరిది కారు కొన్నప్పుడు దాని ఫోటోలు పెట్టనీకె ఒక గ్రూపు చేసిండు. కారు అమ్మేసిండు. గ్రూపు నడుస్తనే ఉన్నది. అన్నిట్ల అవే రోజా పూలు, అదే పొగలు కక్కే చాయ్ కప్పు, నిమ్మకాయతోని మోకాళ్ళు బాగుచేసే అదే వైద్యం. నేను అన్ని చదివేటోణ్ణి. ఒకలు రోజా పంపితే తిరిగి మల్లెపువ్వన్న పంపకుంటే మర్యాద కాదని నా నమ్మకం. నా బొటనవేలుకు ఉన్నంత మర్యాద నా నోటికి ఉంటే ఈపాటికి కార్పొరేటర్ అయ్యేటోణ్ణి.

ఇగ పావురాలు. మా డాబా మీద గూడు మా నాయన కాలం నుంచి ఉన్నది. ఎత్తుగ, ఎక్కువసేపు ఎగిరే జాతి పావురాలు. వాటిల్ల ఒకటి ఒళ్ళంత తెల్లగ, తోక ఒక్కటి నల్లగ. ఆడ పావురం. అది గుడ్డు పగిలి బయటికొచ్చిన వారంల దాని తల్లిని డేగ ఎత్తుకపోయింది. నా భార్య మెత్తగ నానబెట్టిన శనగపప్పు వేళ్ళతోని నలిపి దాని నోట్ల పెట్టి పెంచింది. ఆ పిల్ల పెద్దగైనంక మొదటిసారి మబ్బు దాంక పోయినప్పుడు నేను ఈల వేసిన, ఆమె ఏడ్సింది. నేను ఏడ్వలేదు. కండ్లల్ల ఎండ పడ్డది, అంతే.

ఈల అంటే యాదికొచ్చింది. పావురాలోళ్ళకు ఈలే ప్రాణం. మేం దాన్ని సీటి అంటం. గింజలు వేసేటప్పుడు ఒక్క సీటి కొడితే మబ్బులున్న పావురం డాబా మీదికి దిగాలె. నా సీటి ఫలక్‌నుమా కమాను దాంక వినొచ్చేది. గసొంటిది, రెండేండ్ల కింద నా ముందటి పన్ను పోయింది. అది పోయిన కథల ఒక ఎద్దు, ఒక పోలీసు, ఒక పెండ్లి బ్యాండు ఉన్నయి, అది ఇంకోసారి. పండ్ల డాక్టర్ మాత్రం "చిగుర్ల జబ్బు" అని రాసిండు, ఆయనకు కథలు తెల్వయి. పన్ను పోయినంక సీటి కొడితే గాలి తప్ప సప్పుడు లేదు. పావురాలు గోడ మీద కూసొని, ఈ మనిషికేమైంది అన్నట్టు తలలు వంకర పెట్టి చూసేటియి.

అప్పుడు నాకు మస్తు తెలివి పుట్టింది. నా ఫోన్ల మెసేజ్ వస్తే మోగే సప్పుడు సీటే కదా! పొద్దున, సాయంత్రం గింజల డబ్బా పట్టుకొని, ఫోన్ల ఆ సీటి మోగిచ్చి, గింజలు చల్లుడు మొదలుపెట్టిన. పది రోజులు గూడ పట్టలే. సీటి మోగితే చాలు, రెక్కలు ముడుచుకొని రాళ్ళ లెక్క పడుతున్నయి. చాయ్ హోటల్ల ఈ ముచ్చట చెప్తే మొదటిసారి అందరు నమ్మిన్రు. అదే నా కొంప ముంచింది.

మా డాబాకు ఎదురుంగ, గల్లీ అవతల, ఉస్తాద్ డాబా. ఉప్పు పొట్లం ఇసిరితే అందుకునేంత సందు. ఆయన షేర్వాణీలు కుట్టే పెద్దమనిషి, డెబ్బై దాటినోడు, మా ఇలాకల పావురాల విద్యకు ఆయనే పెద్ద. పొద్దున లేస్తే ఫోన్ల ఉన్న అందరికి "సుబహ్ బఖైర్" అని పూల బొమ్మ పంపుడు ఆయనకు పళ్ళు తోముకునుడంత అలవాటు. ఎండాకాలం మొదట్ల ఒకరోజు నేను పావురాలను వదిలిన. అట్ల లేచినయి, ఇట్ల దిగినయి. మల్ల తరిమిన. నీళ్ళ ట్యాంకు దాటి పోయినయి, మల్ల దిగినయి.

ఉస్తాద్ పిట్టగోడ మీద మోచేతులు పెట్టి చూస్తున్నడు. "క్యా మియా! పావురాలు పెంచుతున్నవా, కోళ్ళు పెంచుతున్నవా?"

"ఎండ గదా ఉస్తాద్, జర డీలైనయి."

"ఎండ నీ డాబా మీదనే కొడుతున్నదా? నా దిక్కు రాలేదు." ఆయన పావురాలు మబ్బుల చుక్కల లెక్క తిరుగుతున్నయి. "గుడ్లు పెడితే జర చెప్పు, ఆమ్లెట్‌కు తీస్కపోత."

చుట్టుపక్కల డాబాల మీదోళ్ళంత నవ్విన్రు. నాకు ఒళ్ళు మండింది. మండితే నా నోరు నా మాట వినదు.

"ఉస్తాద్, మే నెల చివరి ఆదివారం పెడుదాం షర్తు. నీది ఒకటి, నాది ఒకటి. మా తెల్లదాన్ని వదులుత."

నవ్వు ఆగింది. మా దగ్గర షర్తు అంటే ఒకటే రివాజు. పొద్దుగాల రెండు పావురాలు వదులుతరు. ఏది ముందు దిగితే అది గెలిచినోని గూటికి పోతది. మల్ల తిరిగి అడుగొద్దు. నోరు జారిన మాట వెనకకు తీసుకుంటే ఆ మనిషి మల్ల డాబా ఎక్కనక్కరలేదు.

ఉస్తాద్ టోపీ సర్దుకున్నడు. "జుబాన్? మాట మీద ఉంటవా?"

"జుబాన్," అన్న.

కిందికి దిగేసరికి నా భార్య మెట్ల మీదనే నిలబడ్డది. అంతా విన్నది. "ఆ పిల్ల ఆ ఇంటికి పోతే, దాని వెనకాల నువ్వు గూడ పో. వాళ్ళ గూట్లె ఒక అర ఖాళీగున్నది, నేను చూసిన," అన్నది.

నాకు మస్తు పరేషాన్ అయ్యింది. పావురాలకు జబ్బు చేసిందనుకున్న. బాదం నూరి, నెయ్యి కలిపి ఉండలు చేసి పెట్టిన. వెల్లుల్లి పెట్టిన. ఎవరో దిష్టి పెట్టిన్రని మిరపకాయలు తిప్పేసిన. అవి బాగనే తింటున్నయి, బాగనే బలుస్తున్నయి, ఎగురుతలేవు. ఒకనాడు నా భార్య డాబా మీద వడియాలు పెడుతున్నది. నేను పావురాలను తరుముతున్న. జర సేపు చూసి, పిండి చేతులు నడుం మీద పెట్టుకొని అన్నది:

"ఓ అయ్యా, మా తమ్ముడు చాయ్ కప్పు పంపిండు, నీ పావురాలు దిగినయి. మా వదిన వినాయకుణ్ణి పంపింది, మల్ల దిగినయి. నీ జేబుల నుంచి సీటి వినొస్తలేదా? బాదం వాటికి గాదు, నీకు పెట్టాలె."

నేను ఫోన్ తీసి చూసిన. నిజమే. నా జేబుల ఊరంత కూసొని నా పావురాలకు సీటి కొడుతున్నది. సీటి మోగుతది, అవి దిగుతయి, గింజలు లేవు. మల్ల లేస్తయి, మల్ల ఇంకెవరో మోకాళ్ళ నొప్పికి మందు పంపుతరు. అవి గూడ పాపం ఎన్నిసార్లు తిరుగుతయి?

ఇదెంత పని అనుకొని ఫోన్ మూగ చేసిన. ఆ రోజే తెల్లది ఎత్తు పట్టింది. నేను గెలిచినట్టే మీసం తిప్పిన. కని షర్తుల ఇంకో కానూన్ ఉన్నది. అంపైర్ "దిఖావ్" అన్నప్పుడల్లా ఎవరి పావురాన్ని వాళ్ళు వేలుపెట్టి చూపాలె. మూడుసార్లు చూపలేకపోతే అది గాల్ల ఉన్నా దిగినట్టే లెక్క. అంత ఎత్తుల పావురం నువ్వుగింజంత ఉంటది. ఒకసారి కన్ను పక్కకు పోయిందంటే మల్ల ఆకాశమంత గాలించాలె. అందుకే షర్తు రోజు పావురాలోడు మెడ విరిగేదాంక పైకే చూస్తడు.

నా భార్యనే అంపైర్ అనుకొని రిహార్సల్ చేసిన.

"దిఖావ్!" అన్నది ఆమె, బట్టలు ఆరేసుకుంట.

"అగొ... ఆ మూలకు... ఉండు..."

"ఏడ?"

"ఇప్పుడే ఉండె."

"ఇప్పుడు నీ చేతుల ఏమున్నది?"

చూసుకుంటే ఫోన్. ఎప్పుడు తీసిన్నో నాకే తెల్వదు. వంకాయలు నెల రోజులు పాడుగాకుండ ఎట్ల దాచాలె అనే వీడియో నడుస్తున్నది. మా ఇంట్ల వంకాయ ఎవ్వరం తినం. సీటి ఉన్నప్పుడు సీటి మోగితేనే చూసేటోణ్ణి. మూగ చేసినంక, ఏమన్న వచ్చిందేమో అని ఊకెనే చూసుడు మొదలైంది. పావురాల జబ్బు నయమైంది, నాది ముదిరింది.

మర్నాడు కొలిమి దగ్గర నిలబడ్డప్పుడు ఒక ముచ్చట తట్టింది. కడ్డీ ముదురు ఎరుపు నుంచి నారింజకు, నారింజ నుంచి లేత పసుపుకు తిరిగేటప్పుడు నేను రెప్ప గూడ కొట్టను. పొద్దంత గట్లనే నిలబడుత. జేబు తడుముకోను, వంకాయలు యాదికి రావు. ఎందుకంటే ఫోన్ గేటు దగ్గర ఉన్నది. అంటే నా కండ్లల్ల ఖరాబేం లేదు. మా ఇంటికి గేటు లేదు, అదే ఖరాబు.

ఆ సాయంత్రమే డాబా మెట్ల కింద ఒక పాత పోపుల డబ్బా పెట్టిన. నా భార్యను సెక్యూరిటీగ నియమించిన. రేకు బిళ్ళకు బదులు ఒక పాత చారానా బిళ్ళ. ఆమె ఆ నౌకరి నాకంటే బాగ చేసింది. డాబా ఎక్కబోతే చెయ్యి అడ్డం పెట్టేది.

"ఫోన్?"

"పెట్టిన గదా."

"చొక్కా జేబు చూపియ్. ఐడి కార్డు?"

"నేను నీ మొగుణ్ణి."

"అందరు గట్లనే చెప్తరు. బిళ్ళ తీసుకొని పో. వాపస్ ఇస్తేనే ఫోన్."

డబ్బా ఒకటి పెడితే సరిపోలే. డాబా దిగి ఫోన్ తీసుకుంటే, కుండపోత వాన లెక్క అన్ని ఒకటేసారి మీద పడేటియి. పైన సాధించిన నిమ్మళం కింద మెట్టు మీదనే కొట్టుకపోయేది. ఇగ లాభం లేదని ఒక సెలవునాడు సెక్యూరిటీని బతిమాలి ఫోన్‌తోని డాబా ఎక్కి, మంచం మీద కూసొని కోత మొదలుపెట్టిన. రోజా పూలు, చాయ్ కప్పులు, సూర్యోదయాలు తుడిచిన. ఎన్నడు తెరవని యాప్‌లు తీసేసిన. ఒక యాప్ నేను రోజు ఎన్ని నీళ్ళు తాగుతున్ననో అడుగుతది, దానికెందుకు? కారు గ్రూపుల నుంచి బయటికొచ్చిన. నల్లా గ్రూపుల నుంచి వచ్చిన, నల్లా వస్తే గల్లీల బిందెల సప్పుడు నాకు వినొస్తది. బడి గ్రూపుల నుంచి వచ్చేటప్పుడు మాత్రం గుండె దడదడలాడింది, దోస్తులు ఏమనుకుంటరో అని. ఎవ్వరేమనలే. ఒకడు మాత్రం ఫోన్ చేసి, జైల్లకెళ్ళి మాట్లాడినట్టు గుసగుసగ అడిగిండు: "ఎట్ల బయటపడ్డవ్ భాయ్? జర తొవ్వ చెప్పు, నేను గూడ వస్త."

మిగిలింది అత్తగారింటోళ్ళ గ్రూపు. అన్నిట్లకెళ్ళి పెద్ద మోత అదే. రోజు ఎవరో ఒకల పుట్టినరోజు, ఎవరి పుట్టినరోజైనా అందరికందరు కేకు బొమ్మలు. కని దాంట్లకెళ్ళి ఎట్ల పోవుడు? మా దిక్కు అత్తగారింటి గ్రూపు ఇడిసిపెట్టుడంటే దావత్‌ల ముందట ఇస్తారి ఉండంగ లేచిపోయినట్టే. పొయినోడు మల్ల ఆ ఇంటి గడప ఎట్ల తొక్కుతడు? నా వేలు 'గ్రూపు ఇడిసిపెట్టు' అనే ఎర్ర అక్షరాల మీట దాంక పోయి ఆగింది. ఫోన్ పిట్టగోడ మీద పెట్టి, గింజలు తేనీకె అటు తిరిగిన.

ఇగ వినుండ్రి. తెల్లది ఎగిరొచ్చి గోడ మీద వాలింది. ఫోన్ల మెరుస్తున్న ఆ ఎర్ర అక్షరాలను చూసింది. మా పావురాలకు ఎర్రజొన్నలంటే పానం. టక్కున ఒక పోటు పొడిచింది. నిజంగనే పోతవా అని ఫోన్ అడిగింది. టక్కున ఇంకో పోటు. నేను గింజలు పట్టుకొని తిరిగి చూసేసరికి "మీరు బయటికి వెళ్ళిపోయారు" అని ఉన్నది.

చాయ్ తాగేంతసేపు గూడ కాలే, బావమరిది ఫోన్. "బావా! ఏంది గిట్ల చేసినవ్? అమ్మ అన్నం తింటలేదు!"

"నేనేం చేసిన?"

"గ్రూపుల నుంచి పోయినవ్ గదా!"

"నేను పోలే. పావురం పొడిచింది."

"పావురమా?"

"తెల్లది. నీకు తెల్వదా, మీ అక్క పెంచింది. దాన్ని నేనేమనాలె చెప్పు? మీ అక్కను అడుగు."

ఫోన్ ఆమె తీసుకున్నది. నా మొఖం దిక్కు చూసింది, పావురం దిక్కు చూసింది. "అవును తమ్మీ, పావురమే," అన్నది. "మీ బావకు గంత ధైర్యమున్నదా?" అత్త ఆ రాత్రి అన్నం తిన్నదట. "పక్షి చేసిన పనికి అల్లుణ్ణి అంటే పాపం" అన్నదట. మల్ల నన్ను గ్రూపుల చేర్చాలని ఎవ్వరికి యాదికి రాలే. అవసరమున్నోళ్ళు ఫోన్ చేస్తున్నరు, నేను ఎత్తుతున్న. పోయిన నెల అత్తకు పానం బాగలేదంటే అందరికంటె ముందు నేనే పోయిన, ఎందుకంటే అది నేను కేకుల కింద వెతుక్కోలే, బావమరిది నోటితోనే విన్న.

అయినా పావురాల పని మిగిలింది. షర్తు రోజు నా ఫోన్ డబ్బాల ఉంటది సరే, చుట్టుపక్కల డాబాల మీద ఎన్ని సీటీలు మోగుతయో? అందుకని రోజు సాయంత్రం నా భార్యతోని సీటి మోగిపిచ్చిన. దిగినయి. ఒక్క గింజ ఎయ్యలే. మల్ల మోగిపిచ్చిన, మల్ల ఎయ్యలే. గింజలు వేసేముందు మాత్రం డబ్బా మూతను గంటెతోని కొట్టేటోణ్ణి. మొదట్ల తెల్లది నా కాళ్ళ చుట్టు తిరిగి, ఏమైంది నీకు అన్నట్టు పాదం మీద పొడిచేది. తర్వాత తర్వాత సీటి మోగితే దిగుడు మానేసి తల మాత్రం తిప్పేది. ఒకనాడు తల గూడ తిప్పలే.

దాన్ని చూస్తుంటే నాకు నవ్వొచ్చింది, మల్ల నవ్వు ఆగిపోయింది. ఈ పిట్టకు కొన్ని దినాలల్లనే తెలిసింది, ఈ సీటి వెనకాల గింజ లేదని. నేనేమో ఏండ్ల సంది దిగుతున్న. ప్రతి సీటికి దిగిన. ఒక్కనాడు గింజ దొరకలే, అయినా దిగిన. పైకెల్లి దాన్ని తెలివితక్కువది అని తిట్టిన.

ఆ దినాలల్ల నాకు డాబా కొత్తగ కనిపిచ్చింది. ఉప్పుగూడ స్టేషన్ల లోకల్ ఆగి కదిలే సప్పుడు ఇంత స్పష్టంగ వినొస్తదని నాకు తెల్వదు. గాలి ఏ దిక్కుకు తిరిగిందో మెడ మీది చెమటతోని తెలుస్తున్నది. అన్నిటికన్న పెద్ద ముచ్చట, నా కథలు నాకు వాపస్ వచ్చినయి. అంతకుముందు నడిమిట్ల ఫోన్ చూసి, "ఏడిదాంక వచ్చిన?" అని అడిగేటోణ్ణి, ఎవ్వరికి యాదుండేది కాదు. ఇప్పుడు ఎద్దు, పోలీసు, బ్యాండు కథ ఆగకుండ చెప్పిన. నా భార్య చేట పక్కన పెట్టి మొత్తం విన్నది. "అంతా అబద్ధమే," అన్నది చివరికి, "కని బాగున్నది."

షర్తు రోజు రానే వచ్చింది. ఉప్పుగూడ స్టేషన్ల పనిచేసి రిటైరైన పెద్దమనిషి అంపైర్. రైలు వస్తదా రాదా అని దూరం చూసి చూసి ఆయన కండ్లు దూరానికే అలవాటైనయి, దగ్గరున్న చాయ్ గ్లాసు మాత్రం కనిపియ్యక రెండుసార్లు తన్నిండు. మా డాబా మీద కుర్చీల కూసున్నడు. నేను ఫోన్ డబ్బాల ఏసి, చారానా బిళ్ళ జేబుల ఏసుకొని ఎక్కిన. సూర్యుడు పొడుస్తుండంగ ఉస్తాద్ తన ఎర్రకండ్ల మగ పావురాన్ని వదిలిండు, నేను తెల్లదాన్ని వదిలిన. వదిలేముందు దాని గుండె నా అరచేతుల కొట్టుకుంటున్నది. ఇది ఆ గూటికి పోతే మా ఇంట్ల ఎవరు అన్నం తింటరు అనుకున్న. అనుకునేలోపలనే అది చెయ్యి దాటింది.

మధ్యాహ్నం దాంక రెండు మబ్బులనే. అంపైర్ "దిఖావ్" అన్నప్పుడల్లా నేను చూపిన, ఉస్తాద్ చూపిండు. ఎండకు పిట్టగోడ పెనం అయ్యింది. నా భార్య తడిగుడ్డ తెచ్చి నా తల మీద ఏసింది. మజ్జిగ గ్లాసు నోటికి అందిచ్చింది, నేను కిందికి చూడకుండనే తాగిన, సగం చొక్కాకు తాగిపిచ్చిన.

అప్పుడు ఉస్తాద్ తన అసలు విద్య బయటికి తీసిండు. నా సీటి ముచ్చట చాయ్ హోటల్ల నేనే చెప్పిన గదా, అది ఆయనకు గూడ తెలుసు. ఫోన్ పైకెత్తి, సప్పుడు మొత్తం పెంచి, సీటి మోగిచ్చిండు. అవతలి డాబా మీదోడు గూడ మోగిచ్చిండు. ఇంకొకడు. గల్లీ గల్లీ అంత సీటీలు.

"అంపైర్ సాబ్, ఇదేం న్యాయం?" అని నా భార్య లేచింది.

"ఫోన్ మోగద్దని కానూన్ల లేదమ్మా," అన్నడు ఆయన, నవ్వు ఆపుకుంట.

తెల్లది చుట్టు తిరుగుతున్నది. సీటి వినొచ్చిందో ఏమో, ఒక్క రెక్క వంచింది. జర కిందికి జారింది. "నక్కో బిడ్డా, దిగకు, గింజ లేదు, గింజ లేదు," అని గొణుగుతున్న. అది ఇంకో చుట్టు తిరిగింది. తిరిగి, గాలి పట్టి, ఇంకింత పైకి పోయింది. ఎండల తెల్లగ ఒక్కసారి మెరిసింది, మల్ల నువ్వుగింజ. ఆ సీటీలన్ని దాని కింద, మా గల్లీల, మా నెత్తుల మీదనే తిరుగుతున్నయి.

పొద్దు పడమటికి వాలింది, ఉస్తాద్‌కు పట్టుదల పెరిగింది. ఏ సీటి బాగ మోగుతదో అని ఫోన్ల వెతుకుతున్నడు, అద్దాలు ముక్కు మీదికి జారినయి.

"దిఖావ్!" అన్నడు అంపైర్.

నేను చూపిన. ఉస్తాద్ తలెత్తిండు. "అగొ, ఆ... ఠహరో..."

దొరకలే. మల్ల పట్టుకున్నడు, మల్ల ఫోన్ల తల పెట్టిండు. మల్ల "దిఖావ్". మల్ల దొరకలే. మూడోసారి నేను నా తెల్లదాన్ని చూపుతున్నప్పుడు ఆయన ఆకాశమంత చేత్తోని తుడుస్తున్నడు, అద్దం మీద దుమ్ము తుడిచినట్టు. అంపైర్ కుర్చీల నుంచి లేచి నా చెయ్యి పైకెత్తిండు.

డాబాలన్ని అరిచినయి. నేను మాత్రం ఇంకా పైకే చూస్తున్న, ఎందుకంటే దిగాల్సిన పిల్ల ఇంకా దిగలే. డబ్బా మూతను గంటెతోని కొట్టిన. మబ్బుల నుంచి గీత గీసినట్టు వచ్చి నా భార్య భుజం మీద వాలింది. ఆమె దాని మెడకు చెంప ఆనిచ్చింది. ఈసారి కండ్లల్ల ఎండ పడ్డదని నేను చెప్పలే, పొద్దు గుంకింది గదా.

ఉస్తాద్ మెట్లెక్కి మా డాబా మీదికొచ్చిండు. చేతుల ఆయన ఎర్రకండ్ల పావురం. అది గూడ అప్పుడే దిగింది. "తీసుకో మియా. జుబాన్ అంటే జుబాన్." గొంతు గట్టిగనే ఉన్నది, వేళ్ళు మాత్రం రెక్కలను నిమురుతనే ఉన్నయి.

"ఇది నాకొద్దు ఉస్తాద్. రేపు పొద్దుగాల ఎగిరి మల్ల నీ గూటికే పోతది, నేను వెనకాల ఉరుకాలె. నాకింకొకటి గావాలె."

"క్యా?"

"రేపటి నుంచి నా ఫోన్ల సుబహ్ బఖైర్ పంపొద్దు. ఎదురుంగనే ఉంటవు గదా, గోడ దగ్గరికొచ్చి నోటితోని చెప్పు."

ఆయన నన్ను చూసిండు, పావురాన్ని చూసిండు, గట్టిగ నవ్విండు. ఇప్పుడు పొద్దున లేవంగనే గల్లీ అంత వినొచ్చేటట్టు "సుబహ్ బఖైర్ మియా!" అని కేకేస్తడు. పువ్వు లేదు, చాయ్ కప్పు లేదు. నేను అంతకంటె గట్టిగ కేకేస్త. చుట్టుపక్కలోళ్ళు తిడుతరు, అది వేరే ముచ్చట.

ఇగ ఇది చదివినోళ్ళు నన్ను పట్టుకొని, "అన్నా, సీటికి పావురాలు దిగుడు అబద్ధం గదా?" అంటరు. కాదు. ఎవరి పావురాలకన్న నేర్పి చూడుండ్రి. ఉస్తాద్ ఓడుడు అబద్ధమా? అంపైర్‌ను అడుగుండ్రి, జర దూరం నిలబడి అడుగుండ్రి. నేను అల్లింది ఒక్కటే. గ్రూపుల నుంచి పోయిన రోజు తెల్లది ఫోన్ దిక్కు గూడ చూడలే, గూట్లె పడుకొని ఉన్నది. అత్తగారింటి గ్రూపుల నుంచి నన్ను బయటికి తెచ్చిన ముక్కు నా ముక్కే, అంటే నా బొటనవేలే. రెండుసార్లు పొడిచింది గూడ అదే. బావమరిదీ, ఇది చదువుతున్నవంటే, మీ అక్కకు ఆ రోజే తెలుసు.